గుహలో అడుగు పెట్టకుండా ఆకుముక్కు గబ్బిలాన్ని గమనించడం ఎలా

దక్షిణ భారతదేశపు కొండగుహలలో, పాత కోటల సొరంగాలలో, పూజలు నిలిచిపోయిన ఆలయాల చీకటి గదులలో పగలంతా తలకిందులుగా వేలాడుతూ గడిపే గబ్బిలాలలో ష్నైడర్ ఆకుముక్కు గబ్బిలం ఒకటి. దీని శాస్త్రీయ నామం హిప్పోసిడెరోస్ స్పియోరిస్. తమిళనాడులోని తరంగంబాడి నుంచి వెళ్లిన నమూనా ఆధారంగా జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ గోట్లోబ్ ష్నైడర్ 1800లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. భారతదేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది కనిపించదు. బరువు సుమారు 10 గ్రాములు, ముంజేయి పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. ఒంటి రంగు బూడిద కలిసిన గోధుమ నుంచి నారింజ ఛాయ వరకు మారుతూ ఉంటుంది కనుక రంగును బట్టి దీనిని గుర్తించడానికి ప్రయత్నించకూడదు.

ఈ గబ్బిలాన్ని చూడాలనుకున్నవారు సాధారణంగా చేసే మొదటి పని టార్చిలైటు పట్టుకొని గుహలోకి నడవడం. అలా వెళ్లినవారికి కనిపించేది వెలుగుకు బెదిరి, నిద్ర చెడి, దిక్కుతోచక ఎగిరే గుంపు మాత్రమే. వాటి సహజమైన నడవడి ఆ క్షణానికి ముందే ఆగిపోయి ఉంటుంది. శిక్షణ, అనుమతి ఉన్న పరిశోధకులు కాని మనవంటి వారు ఈ జీవి గురించి తెలుసుకోగలిగినదంతా గుహ వాకిలి బయట, సాయంసంధ్య వేళ, కదలకుండా కూర్చుని తెలుసుకోవచ్చునన్నది నా దృఢమైన అభిప్రాయం. ఆ కూర్చోవడం ఎలాగో, కళ్లెదుట జరిగేదానిని ఎలా అర్థం చేసుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి

బయట కూర్చున్నవారికి లోపలి జీవితం గురించి కొంత తెలిసి ఉండాలి, లేకపోతే వాకిలి దగ్గర కనిపించే కదలికలకు అర్థం తెలియదు. ఈ గబ్బిలాలు ఎంచుకునే గుహల లోపలి భాగం చీకటిగా, వెచ్చగా, తేమగా ఉంటుంది. పగలుకూ రాత్రికీ అక్కడ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు. శీతల దేశాల గబ్బిలాలవలె ఇవి నెలల తరబడి శీతాకాల నిద్రలోకి వెళ్లవు కాబట్టి ఏడాది పొడవునా ప్రతి సాయంత్రమూ వేటకు బయలుదేరవలసిందే. చాలా గుహ గబ్బిలాలు ఒకదానినొకటి ఆనుకొని గుత్తులుగా వేలాడతాయి గాని, ఇవి పక్కనున్నదానికి తాకకుండా కొంత ఎడం పాటిస్తూ విడివిడిగా వేలాడతాయి. మదురై ప్రాంతపు గుహలలో జరిగిన పరిశీలనలలో, ఒక్కొక్క గబ్బిలం పైకప్పు మీద తనకంటూ ఒక చోటును ఎంచుకొని మళ్లీ మళ్లీ అక్కడికే చేరుతుందని తేలింది. మనిషి లోపలికి నడిచినప్పుడు చెదిరిపోయేది ఈ అమరిక అంతా. గుంపు తిరిగి సర్దుకోవడానికి ఎగరక తప్పదు, ఎగరడమంటే రాత్రి కష్టపడి సంపాదించిన శక్తిని పగలు వృథా చేసుకోవడమే.

అసలు ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉంది. పగలూ రాత్రీ తెలియని కటికచీకటిలో వేలాడే ఈ ప్రాణికి బయట సూర్యుడు అస్తమిస్తున్నాడని ఎలా తెలుస్తుంది? మదురై కామరాజ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎం.కె. చంద్రశేఖరన్, జి. మారిముత్తు, వారి సహచరులు 1970ల చివరలోనూ 1980ల తొలి సంవత్సరాలలోనూ ఈ ప్రశ్నను పట్టుకొని, ప్రయోగశాలలో కాకుండా నిజమైన గుహలోనే పరీక్షించారు. ఒక ఆకుముక్కు గబ్బిలాన్ని పంజరంలో ఉంచి, దాని జాతివే స్వేచ్ఛగా నివసించే గుహ లోతులో పెట్టి, అది ఎప్పుడు చురుకుగా ఉంటుందో, ఎప్పుడు విశ్రమిస్తుందో నమోదు చేశారు. బయటి వెలుతురును ఎన్నడూ చూడకపోయినా ఆ బందీ గబ్బిలం రోజుకు సరిగ్గా 24 గంటల లయను తప్పలేదు, ఎందుకంటే తోటి గబ్బిలాలు సాయంత్రం వెళ్లడమూ తెల్లవారుజామున రావడమూ దానికి గడియారపు గంటలవలె పనిచేశాయి. ఇతర గబ్బిలాలు లేని గుహలో ఒంటరిగా ఉంచినప్పుడు మాత్రం దాని లయ బయటి పగలూ రాత్రులతో సంబంధం తెంచుకొని రోజురోజుకూ పక్కకు జరుగుతూ పోయింది. ఆ తరువాత వేరే కుటుంబానికి చెందిన గబ్బిలాన్ని ఇదే విధంగా ఆకుముక్కు గబ్బిలాల మధ్య ఉంచి చూస్తే, వీటి రాకపోకలు దాని గడియారాన్ని సరిదిద్దలేకపోయాయని 1983లో ప్రకటించారు. ఈ గుంపు తన వేళను తనలో తానే, తన జాతి వరకే పంచుకుంటుందన్నమాట. వాకిలి దగ్గర మీరు చూడబోయే ప్రతి కదలికనూ ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

పిల్లల సంగతి కూడా తెలిసి ఉండాలి. తల్లి ఒక కాన్పుకు ఒకే పిల్లను కంటుంది. ఈ కుటుంబపు ఆడ గబ్బిలాలకు రొమ్ము దగ్గరి పాల చనుమొనలతో పాటు పొత్తికడుపు కింద పాలు రాని మరో జత చనుమొనలుంటాయి. తల్లి మోసుకొని వెళ్లేటప్పుడు పిల్ల వాటిని నోటితో గట్టిగా పట్టుకొని వేలాడుతుంది. గుహలో అలజడి రేగినప్పుడు పట్టు తప్పిన పిల్ల నేలమీద పడితే బతికే అవకాశం చాలా తక్కువ.

వెళ్లే ముందు

గుహ రక్షిత అటవీ ప్రాంతంలో ఉంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. పురావస్తు శాఖ పరిధిలోని కట్టడాలను సాధారణంగా సూర్యాస్తమయానికి మూసివేస్తారు కనుక అక్కడ ముందుగా రాతపూర్వకంగా అడగడం మంచిది. ప్రైవేటు భూమి అయితే యజమానితో మాట్లాడండి. గబ్బిలాలను పట్టడం, వలలు కట్టడం, గుర్తులు తొడగడం అనుమతి పొందిన పరిశోధకులు చేయవలసిన పనులు, వాటి జోలికి మనం పోకూడదు.

ఆరోగ్యం విషయంలో అనవసరమైన భయమూ వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. గుహలలో పేరుకుపోయిన గబ్బిలాల పెంటలో హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం పెరగవచ్చు, దాని ధూళిని పీల్చితే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. వాకిలి బయట, గాలి ఆడే చోట కూర్చోవడానికి ఇది మరొక కారణం. నేలమీద పడి ఉన్న గబ్బిలాన్ని, అది బతికి ఉన్నా చచ్చి ఉన్నా, ఒట్టి చేతులతో తాకకూడదు. ఏ గబ్బిలమైనా కరిచినా గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలపాటు కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. గాయం చిన్నదని వదిలేయకూడదు.

మొదటిసారి పగటి వెలుతురులో వెళ్లి, లోపలికి పోకుండా, గుహకు ఎన్ని దారులున్నాయో చూసుకోండి. కొండ వెనుక వైపున్న చిన్న పగులు నుంచి సగం గుంపు వెళ్లిపోతుంటే ముందు వాకిలి దగ్గర మీరు రాసుకునే లెక్కకు విలువ ఉండదు. కూర్చునే చోటు వాకిలికి ఎదురుగా ఉండకూడదు, ఎందుకంటే అది గబ్బిలాలు ఎగిరే దారి. పక్కగా, బండకో పొదకో ఆనుకొని, తల ఎత్తి చూస్తే వాకిలి పైభాగం వెనుక ఆకాశం కనిపించే చోటును ఎంచుకోండి. చీకటి ముదిరాక కూడా ఆకాశం ముందు ఎగిరే చిన్న ఆకారం కనిపిస్తుంది, కొండరాయి ముందు ఎగిరేది కనిపించదు.

సాయంత్రం ఏం చూడాలి

సూర్యాస్తమయానికి కనీసం అరగంట ముందే మీ చోట్లో కూర్చుని ఉండాలి. ఫోను తెర వెలుగు కనిపించకుండా చేసుకోండి, తెల్లని టార్చిని వాడకండి. రాసుకోవడానికి వెలుతురు కావాలంటే మసక ఎర్రలైటును నేలవైపు మాత్రమే తిప్పి వాడవచ్చు. పొగ తాగడం, గట్టిగా మాట్లాడుకోవడం మానాలి.

మొదట కనిపించేది బయలుదేరడం కాదు. ఒకటో రెండో గబ్బిలాలు లోపలి చీకటి నుంచి వాకిలి దాకా వచ్చి, ఒక చుట్టు తిరిగి మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి. కొంతసేపటికి మరికొన్ని అదే పని చేస్తాయి. కొత్తగా చూసేవారు ఇవి మనల్ని చూసి భయపడ్డాయేమో అనుకుంటారు గాని, చాలావరకు ఇది బయటి వెలుతురు ఎంత ఉందో చూసుకొనే అలవాటు. పైన చెప్పిన గడియారాన్ని గుంపు సరిదిద్దుకునేది ఇక్కడే: గుహ లోతున ఉన్నవాటికి వేళ తెలియడానికి ఆధారం ఈ రాకపోకలే. నా దృష్టిలో మొత్తం సాయంత్రంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే, కాని ఎక్కువమంది దీనిని అసలు నమోదు చేయరు. మొదటి గబ్బిలం వాకిలి దాకా వచ్చి వెనుదిరిగిన సమయాన్ని, మొదటి గబ్బిలం నిజంగా బయటికి వెళ్లిపోయిన సమయాన్ని వేర్వేరుగా రాసుకోండి. ఆ రెండింటి మధ్య ఎడం మబ్బు పట్టిన రోజున ఎంత, ఆకాశం తేటగా ఉన్న రోజున ఎంత అని పోల్చి చూస్తే, ఈ జీవి కాలాన్ని ఎలా కొలుస్తుందో మీ రాతల నుంచే మీకు తెలియడం మొదలవుతుంది.

ఆ తరువాత ప్రవాహం మొదలవుతుంది. ష్నైడర్ ఆకుముక్కు గబ్బిలం పూర్తిగా చీకటి పడేదాకా ఆగదు, సందె వెలుగు ఇంకా మిగిలి ఉండగానే బయలుదేరుతుంది. దోమలు, ఈగల వంటి చిన్న పురుగులు సంధ్యవేళలోనే గాలిలో ముమ్మరంగా ఎగురుతాయి. శ్రీలంకలో ఈ జాతిపై జరిగి 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనం, సంధ్యవేళ వేట వల్ల దీనికి కలిగే ఆహార లాభాన్ని వివరంగా చూపించింది. వెలుతురులో బయటికి రావడమంటే డేగలకూ గుడ్లగూబలకూ కనపడే ప్రమాదాన్ని తలకెత్తుకోవడమే అయినా, ఆ కొద్దిసేపట్లో దొరికే తిండి కోసం ఈ జాతి ఆ ప్రమాదానికి సిద్ధపడుతుంది. మన టార్చి వెలుగు వాకిలి మీద పడితే బయలుదేరడం ఆలస్యమై, వాటికి అందకుండా పోయేది సరిగ్గా ఆ విలువైన సమయమే.

బయటికి వచ్చినవి ఆకాశంలో ఎత్తుకు లేవవు. నేలకు దగ్గరగా, పొదల అంచుల వెంబడి, చెట్ల మధ్య ఖాళీలలో, రెక్కలు వేగంగా ఆడిస్తూ, చటుక్కున మలుపులు తిరుగుతూ పోతాయి. అదే వాకిలి నుంచి వెలువడి నేరుగా పైకి లేచి, పొడుగాటి సన్నని రెక్కలతో బాణంలా సాగిపోయేవి వేరే జాతివి. గుహ అంటే ఒక్క జాతి ఇల్లు కాదు కనుక ఈ తేడా ముఖ్యం. వాకిలికి దగ్గరగా, కొంత వెలుతురు పడే గోడలను పొట్టతో అంటిపెట్టుకొని ఉండేవి సమాధి గబ్బిలాలు. నాలుకతో టకటకమని చేసే శబ్దం మన చెవికే వినిపిస్తూ, పెద్ద రెక్కలతో వచ్చేవి గుహలలో ఉండే పండ్ల గబ్బిలాలు. చీకటి బాగా పడ్డాక మెల్లగా వెలువడే పెద్ద చెవుల గబ్బిలం కనిపిస్తే అది బహుశా కప్పలనూ బల్లులనూ ఎలుకలనూ, ఒక్కొక్కసారి చిన్న గబ్బిలాలనూ వేటాడి తినే నకిలీ రక్తపిశాచి గబ్బిలం కావచ్చు. పేరు అలా ఉన్నా అది రక్తం తాగదు.

లెక్కపెట్టడం

లెక్కలో అందరూ చేసే తప్పు ఒకటే: వెలుతురు చూసుకోవడానికి వచ్చి వెనుదిరిగిన గబ్బిలాన్ని కూడా వెళ్లినదానిగా లెక్కించడం. దీనిని తప్పించడానికి వాకిలి నుంచి కొన్ని మీటర్ల దూరంలో ఒక చెట్టుకొమ్మనో బండ అంచునో మనసులో గీతగా అనుకొని, ఆ గీత దాటినవాటినే వెళ్లినవిగా, ఆ గీత దాటి లోపలికి వచ్చినవాటిని వచ్చినవిగా రాయాలి. ఒకరు వెళ్లేవాటిని, మరొకరు వచ్చేవాటిని చేతిలో పట్టుకొని నొక్కే లెక్కయంత్రంతో లెక్కిస్తూ, 5 నిమిషాలకొకసారి అంకెలను కాగితం మీద వేయడం మంచి పద్ధతి. వెళ్లినవాటిలోంచి వచ్చినవాటిని తీసివేస్తే అసలు సంఖ్య వస్తుంది. పరారుణ కాంతితో పనిచేసే వీడియో కెమెరా ఉంటే దానిని కూడా పక్కనుంచే పెట్టి, ఇంటికి వెళ్లి నెమ్మదిగా నడిపి చూసి సరిచూసుకోవచ్చు. ప్రవాహం ఆగిపోయిందనిపించాక కూడా కనీసం పావుగంట ఉండండి. ఒక్క సాయంత్రపు సంఖ్య మీద నమ్మకం పెట్టుకోవద్దు, వరుసగా రెండు మూడు సాయంత్రాలు లెక్కించి అంకెల మధ్య తేడా ఎంత ఉందో చూడండి.

చెవికి అందని కూతను వినడం

ఏ జాతి అన్నది తేల్చుకోవడానికి శరీరాన్ని చూసే పద్ధతి ఒకటుంది. ముక్కు చుట్టూ ఉండే ఆకు వంటి చర్మపు మడతకు ఇరువైపులా అదనంగా చిన్న రేకులుంటాయి. ష్నైడర్ ఆకుముక్కు గబ్బిలానికి ఒక్కొక్క వైపు మూడేసి ఉంటాయి, దీని బంధువులలో కొన్నింటికి అసలు ఉండవు, కొన్నింటికి రెండేసి, ఆకారంలో చాలా పెద్దదైన లంకాదివా అనే జాతికి నాలుగేసి ఉంటాయి. కాని దీనిని సరిగా చూడాలంటే గబ్బిలం చేతిలో ఉండాలి, కాబట్టి ఈ పద్ధతి పరిశోధకులది. మన పద్ధతి వినడం.

ప్రతిధ్వనిని బట్టి దారినీ ఎరనూ పసిగట్టడానికి ఈ గబ్బిలం నోటితో కాక ముక్కు రంధ్రాలతో కూత పెడుతుంది, ఆ ఆకు కూతను ముందుకు మళ్లించి కేంద్రీకరిస్తుంది. కూతలో ఎక్కువ భాగం ఒకే పౌనఃపున్యంలో (సెకనుకు ధ్వని కంపనాల సంఖ్య) నిలకడగా సాగి, చివరలో ఒక్కసారిగా కిందికి జారుతుంది. మదురైలో చేసిన కొలతల ప్రకారం ఆ నిలకడ భాగం 127 నుంచి 138 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. మనిషి చెవికి వినపడే గరిష్ఠ పరిమితి సుమారు 20 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఆచరణలో చాలామంది దెబ్బతినేది ఇక్కడ. గబ్బిలాల కూతను మన చెవికి వినిపించేలా మార్చే పరికరాలను బ్యాట్ డిటెక్టర్లు అంటారు; చవకగా దొరికేవాటిలో కొన్ని 120 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. అలాంటి పరికరం పట్టుకొని కూర్చుంటే వందల గబ్బిలాలు ఎదుట ఎగురుతున్నా ఏమీ వినిపించదు. రికార్డు చేసే పరికరమైతే సెకనుకు తీసే నమూనాల సంఖ్య కూత పౌనఃపున్యానికి రెండింతల కన్నా ఎక్కువ ఉండాలి. 256 కిలోహెర్ట్జ్ రేటుతో పనిచేసే రికార్డరు 128 వరకే పట్టగలదు కనుక 384 కిలోహెర్ట్జ్ రేటున్నదానిని ఎంచుకోవాలి. ఇంత హెచ్చు పౌనఃపున్యపు ధ్వని గాలిలో త్వరగా క్షీణిస్తుంది, కొద్ది మీటర్లు దాటితే పరికరానికి అందదు. అందుకే మైకును గబ్బిలాలు పోయే దారికి పక్కగా, వీలైనంత దగ్గరగా పెట్టి మీరు దూరంగా ఉండండి.

ఒక చిన్న జాగ్రత్త. ఎగురుతున్న గబ్బిలం మీ వైపు వస్తుంటే కూత కాస్త హెచ్చుగా, దూరంగా పోతుంటే కాస్త తగ్గుగా నమోదవుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోయేదానికి ఈ తేడా సుమారు 2 కిలోహెర్ట్జ్ వస్తుంది. పైగా ఎగిరేటప్పుడు గబ్బిలం తానే తన కూతను కొంత తగ్గించి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని తన చెవికి అనువుగా ఉంచుకుంటుంది. కాబట్టి ఒకటి రెండు కిలోహెర్ట్జ్ తేడాను బట్టి కొత్త జాతి అనుకోకూడదు. 150 కిలోహెర్ట్జ్ దాటిన కూత స్పష్టంగా నమోదైతే మాత్రం అవి దీని కన్నా చిన్నవైన బంధుజాతులు కావచ్చు. తెలిసిన జాతులలో దేనికీ సరిపోని కూత పదే పదే దొరికితే రికార్డింగును భద్రపరచి గబ్బిలాల పరిశోధకులకు పంపండి. కర్ణాటకలోని కోలార్ జిల్లాలో ఉండే కోలార్ ఆకుముక్కు గబ్బిలాన్ని శాస్త్రవేత్తలు వర్ణించింది 1994లోనే. రాతి క్వారీల తాకిడికి గురైన ఆ జాతి ఇప్పుడు ఒక్క గుహకు పరిమితమై, అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల జాబితాలో చేరింది. గుహ ఎక్కడుందో బహిరంగంగా ప్రకటించకపోవడం కూడా పరిశీలకుడి బాధ్యతేనని అందుకే అంటాను.

ఏడాది పొడవునా

నెలకు రెండు సాయంత్రాల చొప్పున ఏడాదిపాటు గమనిస్తే గుంపు జీవితం మీ పుస్తకంలో రూపు దిద్దుకుంటుంది. ప్రతిసారీ తేదీ, సూర్యాస్తమయ సమయం, మబ్బు, వాన, గాలి, చంద్రుడి దశ, మొదటి రాక, మొదటి నిష్క్రమణ, మొత్తం సంఖ్య రాయండి. వాకిలి బయట రాళ్ల మీద పడిన ఎండు పెంటను పుల్లతో నలిపి చూస్తే అది పొడిపొడిగా విడిపోయి, పురుగుల రెక్కలూ కాళ్లూ మెరుస్తూ కనిపిస్తాయి. ఎలుక పెంట అలా పొడి కాదు. అర్ధరాత్రికి ముందే చాలా గబ్బిలాలు గుహకు తిరిగి వచ్చి, కొద్దిసేపటికి మళ్లీ వేటకు వెళుతున్నట్లు గమనిస్తే లోపల పాలు తాగే పిల్లలు ఉన్నాయని అనుకోవచ్చు. కొన్ని వారాల తరువాత సాయంత్రపు సంఖ్య అకస్మాత్తుగా పెరిగి, వాకిలి దగ్గర తడబడుతూ ఎగిరేవి కనిపిస్తే అవి ఎగరడం నేర్చుకుంటున్న పిల్లలు. వాటి కూత మొదట్లో పెద్దవాటి కన్నా తక్కువ పౌనఃపున్యంలో ఉండి, వయసుతో పాటు హెచ్చుతుంది. ఈ కాలంలో వాకిలికి మామూలు కన్నా దూరంగా కూర్చోండి, పెంటను ఎరువుగా తవ్వుకునేవారు ఉంటే పిల్లలు పూర్తిగా ఎగరగలిగేదాకా ఆగమని చెప్పండి.

ఏదో ఒక సాయంత్రం ఒక్క గబ్బిలమూ బయటికి రాకపోవచ్చు. అప్పుడు లోపలికి వెళ్లి చూడాలన్న కోరిక బలంగా కలుగుతుంది, దానిని ఆపుకోండి. గాలివాన వల్ల అవి ఆలస్యంగా బయలుదేరుతూ ఉండవచ్చు, లేదా వేటాడే పక్షి వాకిలి దగ్గరే పొంచి ఉండవచ్చు. మరుసటి రోజూ ఆ తరువాతి రోజూ వెళ్లి చూడండి. మూడు సాయంత్రాలు వరుసగా గుహ ఖాళీగానే ఉంటే, వాకిలి దగ్గర కొత్త నిప్పు ఆనవాళ్లు, పొగ మసి, పేలుడు గుంతలు, కట్టిన వలలు, కొత్తగా పెట్టిన లైట్లు ఉన్నాయేమో పగటిపూట బయటినుంచి చూసి, ఫొటోలు తీసి, మీ ఏడాది లెక్కలతో సహా అటవీ శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి.